మూడో మూల

ఫెజ్,
12 అక్టోబరు 1968

నా చెల్లెలి బంగారం బతూల్‌కి త్యామీ మామయ్య దీవెనలు. దేవుడు నీ ఊపిరికి బలమివ్వాలి.

ఈ ఉత్తరంతో పాటు బస్సు డ్రైవరు నీకొక గుడ్డమూట ఇస్తాడు. పైన అత్తయ్య చేసిన నువ్వుల మిఠాయి ఉంటుంది. కింద ఒక ఇత్తడి కంపాస్, ఒక చెక్క బద్ద ఉంటాయి. మిఠాయి కనబడగానే దాని మీద పడి అడుగున చూడకుండా వదిలేస్తావని ముందే చెబుతున్నాను. కంపాస్ మీ తాతది. ఒక కాలు కాస్త వంకర. ఆయనకీ అలాగే ఉండేది, ఇద్దరూ బాగానే పనిచేశారు.

మన సందు మొదట్లో కుళాయి గుర్తుందిగా? దానికి అటొకటి ఇటొకటి మీ తాత రంగు పెంకుముక్కలతో వేసిన పలకలు రెండు. కిందటి చలికాలం వానలకి ఎడమ పలక పొట్ట ఉబ్బి, ఒక పొద్దున మొత్తం జారి తొట్టిలో పడింది. కుళాయి బాగోగులు చూసే హాజ్ మక్కీ వచ్చి, "మీ నాన్న గోడ త్యామీ, నువ్వు కాక ఎవరేస్తారు?" అన్నాడు. సరేనన్నాను. పెంకులు చెక్కడానికీ పేర్చడానికీ నేనున్నాను. గియ్యడానికి మనిషి కావాలి, నాకు తీరిక లేదు. నువ్వేమో కొండ మీది ఆసుపత్రిలో పడుకుని రోజంతా పైకప్పు చూస్తున్నావట. దాని బదులు గియ్యి.

మొదటి పాఠం. కంపాస్ తెరిచి ఒక వృత్తం గియ్యి. కాళ్ళ మధ్య ఎడం మార్చకుండా, సూదిని ఆ వృత్తం అంచు మీద ఎక్కడైనా పెట్టి, అంచు మీదే ఒక గుర్తు పెట్టు. ఆ గుర్తు మీద సూది పెట్టి ఇంకో గుర్తు. అలా నడుచుకుంటూ పో. ఆరు అడుగుల్లో బయల్దేరిన చోటికే వస్తావు. రాకపోతే చెయ్యి వణికిందని అర్థం, మళ్ళీ గియ్యి. వస్తే ఆ ఆరు గుర్తుల మీదా సూది పెట్టి అదే ఎడంతో వృత్తాలు గియ్యి, లోపల ఆరు రేకుల పువ్వు వస్తుంది.

ఆడపిల్లకి ఈ పనేంటి అని ఎవరైనా అంటారేమో. వాళ్ళు మన కుళాయి దగ్గర బిందె పెట్టినప్పుడు అననీ, అప్పుడు చెబుతాను.

మీ అమ్మ బతికుంటే ఈ కంపాస్ తనకే ఇచ్చేవాణ్ణి. నీకిస్తున్నాను.

మామయ్య

&nbsp;

కొండ ఆసుపత్రి,
27 అక్టోబరు 1968

మామయ్యకి, అత్తయ్యకి, మీ డాబా మీద తిరిగే కుంటిపిల్లికి సలాములు.

మిఠాయిలో సగం యమ్నా తినేసింది. యమ్నా అంటే పక్క మంచం ఆవిడ, ఈ కొండల మనిషే. మా వార్డంతటికీ గొంతు ఆవిడదే. నేను కంపాస్ పట్టుకోవడం చూసి, "నీ మామ నిన్ను ఆసుపత్రికి పంపాడా, బడికి పంపాడా పిల్లా?" అంది. గీసిన పువ్వు చూశాక మాత్రం, తన దుప్పటి అంచుకి అది కుట్టుకోవాలి, ఇమ్మని అడిగింది.

పువ్వు ఇందులో పెట్టాను. మొదట నాలుగుసార్లు కుదరలేదు. చివరికి నర్సమ్మ దగ్గర అంకెలున్న స్కేలు తెచ్చుకుని కొలుచుకుని గీశాను. చక్కగా వచ్చింది, చూడు.

ఇక్కడ పొద్దున్నే కిటికీలన్నీ తెరిచేస్తారు. దేవదారు చెట్ల గాలి మందట. మందు మంచిదే కానీ ముక్కులు ఊడిపోతున్నాయి. డాక్టరు మొన్న నా మంచం మీద కూర్చుని, ఎడమ ఊపిరితిత్తిలో చెడిన ముక్క కోసి తీసేస్తే నేను మామూలు మనిషినవుతానని చెప్పాడు. నేను వద్దన్నాను. నీకు నిజం చెప్పడానికేం? కోయించుకుని బాగుపడి నేనెక్కడికి పోవాలి? నాన్న కొత్త భార్య నా పరుపు డాబా మీద వేసి కాల్చేసిందని నాన్నే చెప్పాడు, మంచిపని చేసినట్టు. దగ్గిన పిల్లని ఏ ఇంట్లో రానిస్తారు? ఇక్కడైతే అందరం దగ్గుతాం, ఎవరికీ పట్టింపు లేదు.

కంపాస్ పంపినందుకు సంతోషం. తాతని నేను చూడలేదు కానీ, ఆయన బొటనవేలు అరిగించిన చోట నా వేలు సరిగ్గా కూర్చుంటోంది.

నీ బతూల్

&nbsp;

ఫెజ్,
9 నవంబరు 1968

స్కేలు పెట్టి కొలిచిన బతూల్ గారికి,

ఆ స్కేలు ఈ ఉత్తరం చదివిన వెంటనే నర్సమ్మకి ఇచ్చెయ్యి. మీ తాత వింటే సమాధిలోంచి లేచొచ్చేవాడు. అంకె మనిషికి అబద్ధం చెబుతుంది, ఎంతోకొంత మిగిలిపోతూనే ఉంటుంది. కంపాస్ చెప్పదు. అందుకే నీకు గీతలు లేని బద్ద పంపాను. అది దారి చూపడానికే, దూరం చెప్పడానికి కాదు.

ఇంకోటి. నీ వృత్తం బయల్దేరిన చోటికి వచ్చి కలవలేదు, బియ్యపుగింజంత ఎడం ఉంది. అది స్కేలు తప్పు కాదు. కాగితం మీద వేలు పెట్టి తడిమితే సూది గుచ్చిన చోట రంధ్రం పెద్దదైంది. చెయ్యి వణికితేనే అలా అవుతుంది. జ్వరం వచ్చిందా? నాకు చెప్పకుండా దాచావా?

నీ అక్షరాలు మరీ చీమలబారుల్లా ఉన్నాయి. పెద్దగా రాయి, కాగితానికి పిసినారితనం ఎందుకు? మీ పోస్టాఫీసు ఇంకు కూడా నీళ్ళ ఇంకు.

ఇప్పుడు అసలు పాఠం. చతురస్రం గియ్యడం నీకు బళ్ళో వచ్చు, కానీ కంపాస్‌తో గియ్యి. ఆ తరవాత ప్రతి భుజానికీ మధ్య బిందువు పట్టుకో. భుజం రెండు చివర్ల నుంచీ ఒకే ఎడంతో రెండు వృత్తాలు గీస్తే అవి రెండుచోట్ల కలుస్తాయి, ఆ రెంటినీ కలిపితే మధ్య దొరుకుతుంది. ఇప్పుడు ఒక మూల దగ్గర నువ్వే నిలబడి లోపలికి చూస్తున్నావనుకో. నిన్ను అంటని భుజాలు ఎదురుగా రెండుంటాయి. వాటిలో నీ కుడిచేతి వైపు దాని మధ్యకి గీత లాగు. నాలుగు మూలల నుంచీ అంతే, అన్నీ కుడికే. మధ్యలో చిన్న చతురస్రం ఒకటి ఒరిగి నిలబడుతుంది. మొత్తం చూస్తే తిరగలి తిరుగుతున్నట్టుంటుంది. మీ తాత పలకలు రెండూ అదే తిరుగుడు, కుడికి.

గుర్తుపెట్టుకో, మేం ముక్కల్ని నేలమీద బోర్లా పేరుస్తాం. రంగు మట్టిలోకి, వీపు మా వైపు. వెనకనుంచి సున్నం పోసి, గట్టిపడ్డాక ఎత్తి నిలబెడితేగానీ ముఖం ఎవరికీ కనపడదు. కాబట్టి గోడ మీద కుడికి తిరగాలంటే నేల మీద ఎడమకి పేర్చాలి. ఆ తిప్పడం నా పని. నలభై ఏళ్ళుగా బుర్రలోనే తిప్పుతున్నాను. నువ్వు ముఖం గీసి పంపు చాలు.

ఆపరేషన్ సంగతి. మూర్ఖంగా మాట్లాడకు. పరుపు కాలితే పరుపులు లేవా? అత్తయ్య నీ కొత్త పరుపుకని ఉన్ని ఎండేసింది.

మామయ్య

&nbsp;

కొండ ఆసుపత్రి,
1 డిసెంబరు 1968

మామయ్యా,

పెద్దగా రాస్తున్నాను, కనబడుతోందా? ఒక్కో కాగితానికి పది మాటలు పడుతున్నాయి. నా రాత బాగాలేదని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు, బళ్ళో బహుమతి కూడా వచ్చింది. నీకే వంక దొరికింది.

జ్వరం వచ్చింది, నిజమే. నువ్వు బియ్యపుగింజ ఎడంలో పట్టేసుకున్నావు, డాక్టరు గాజుగొట్టం పెట్టి పట్టుకున్నాడు. నువ్వే ముందు పట్టుకున్నట్టు. యమ్నాకి ఈ మాట చెబితే, "మీ మామని ఇక్కడికి రమ్మను, ఎక్స్‌రే మిషను ఖర్చు తగ్గుతుంది" అంది.

రంజాను మొదలైంది. మాకు ఉపవాసం లేదు, డాక్టరు ఒప్పుకోడు. అయినా సాయంత్రం ఉపవాసం విడిచే ఫిరంగి మోగే వేళకి అందరం పళ్ళేలు ముందు పెట్టుకుని ఆగుతాం. ఇక్కడి హరీరా సూపులో టమాటా తప్ప ఏమీ ఉండదు. అత్తయ్య చేతి సూపు తలుచుకుని తాగుతాను.

నువ్వు చెప్పిన తిరుగుడు గీశాను. చాలాసేపు పట్టింది, మధ్యలో రెండుసార్లు పడుకున్నాను. వృత్తాలన్నీ అలాగే ఉంచాను, చెరపలేదు. మధ్య చతురస్రం ఒరిగి నిలబడ్డం చూస్తే నాకెందుకో ఏడుపొచ్చింది. అంత అందమైనది నేను చేశానని నమ్మలేకపోయాను.

ఆపరేషన్ గురించి అడగకు. ఉన్ని ఎండెయ్యడం అత్తయ్య మంచితనం. ఉన్ని ఎండేసినంత తేలిక కాదు నన్ను మీ సందులోకి తీసుకురావడం.

బతూల్

&nbsp;

ఫెజ్,
15 డిసెంబరు 1968

బతూల్ తల్లికి,

నీ తిరుగుడు అందింది. నాలుగు మూలలూ చక్కగా కుదిరాయి. ఒక్క దోషం లేదు. మీ తాత చూస్తే భుజం తట్టేవాడు. అత్తయ్య దాన్ని గోడకి అంటించింది, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

పండగ పనులు, ఎక్కువ రాయలేను. డాక్టరు చెప్పినదానికి ఒప్పుకో. నా మాట విను.

మామయ్య

&nbsp;

కొండ ఆసుపత్రి,
5 జనవరి 1969

మామయ్యకి,

పండగ బాగా జరిగిందనుకుంటాను. మీరు పంపిన బాదం బిళ్ళలు అందాయి.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. "ఒక్క దోషం లేదు." ఆ కాగితం బస్సు ఎక్కిన రోజు రాత్రే నాకు గుర్తొచ్చింది, మూడో మూల నుంచి గీత ఎడమకి లాగానని. పడుకుని లేచి గీశానుగా, తికమకపడ్డాను. ఆ ఒక్క గీత తప్పితే మధ్యలో చతురస్రం నిలబడదు, వంకరముక్క ఏదో మిగులుతుంది. చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నువ్వు తిడతావని పదిహేను రోజులు ఎదురుచూశాను. యమ్నాతో పందెం కూడా వేశాను, "రేపు చూడు, మా మామ నా చెవులు పిండేస్తాడు" అని.

బియ్యపుగింజంత ఎడం పట్టుకున్న మనిషికి ఇంత తప్పు కనపడలేదా? కనపడింది. కనపడే మెచ్చుకున్నావు. చచ్చిపోయేవాళ్ళనే అలా మెచ్చుకుంటారు. ఇక్కడ చూస్తూనే ఉన్నాను. ఎవరికైనా ఇంక లాభం లేదనుకుంటే నర్సులు ఉన్నట్టుండి తియ్యగా మాట్లాడతారు, తినకపోయినా తిట్టరు. గోడ లేదు, పలక లేదు, నా చేత బొమ్మలు గీయించి పొద్దుపుచ్చుతున్నావు, అంతే కదా?

ఆపరేషన్ కాగితం మీద నేను సంతకం పెట్టను. డాక్టరుకి చెప్పేశాను.

బతూల్

&nbsp;

ఫెజ్,
19 జనవరి 1969

బతూల్‌కి,

నీ ఉత్తరం అత్తయ్య చేత రెండోసారి చదివించుకున్నాను. మొదటిసారి నేను సరిగ్గా చదవలేదేమో అనుకున్నాను. నిన్ను నేను అలా అనుకుంటానా? నీకెలా తోచింది?

తప్పు చూడలేదు, నిజం. ఈ ఏడు చలికాలం వెలుతురు బొత్తిగా లేదు. పొద్దున పదింటికి కూడా పని చేసే గదిలో మసకగానే ఉంటోంది. దీపం పెట్టినా అంతే, కిరసనాయిలు కల్తీ చేస్తున్నారు. పెంకుల కుప్పలు పోసేవాడికీ బుద్ధి లేదు, ఆకుపచ్చా నలుపూ కలిపేస్తున్నాడు. పండగనాడు హాజ్ మక్కీ అనుకుని ఆయన అల్లుణ్ణి కౌగిలించుకుని ఆరోగ్యం అడిగాను. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతూనే ఉంది. టీలో పంచదార అనుకుని ఉప్పు వేశానని కూడా చెబుతుంది, అది మాత్రం అబద్ధం.

గోడ ఉంది. పలకా ఉంది. ఎంత ఉందంటే, హాజ్ మక్కీ నిన్న వచ్చి, "త్యామీ, వసంతం లోపల మొదలుపెట్టకపోతే అవతలి పేట మేస్త్రీకి ఇచ్చేస్తాం, నువ్వేమీ అనుకోకు" అన్నాడు. నేనేమీ అనుకోలేదు. ఆయన వెళ్ళాక మీ తాత సుత్తి తీసి కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను.

నీకిష్టముంటే పలకకి అసలు గీత పంపు. ఇష్టం లేకపోతే మానెయ్యి. సంతకం మాత్రం పెట్టు. మీ అమ్మని దగ్గుతూ దగ్గుతూ పోనిచ్చాను. నిన్ను కూడానా?

మామయ్య

&nbsp;

కొండ ఆసుపత్రి,
8 ఫిబ్రవరి 1969

మా మామయ్యకి, చెయ్యి ముద్దాడి,

కిందటిసారి కోపంలో రాసినవన్నీ పొయ్యిలో వేసెయ్యి. ఎవరు రాశారో, నేను మాత్రం కాదు.

పలక గీత పంపుతున్నాను. గొట్టంలా చుట్టి డ్రైవరు చేతికే ఇచ్చాను, మడతపెట్టొద్దని ఒట్టు వేయించుకుని. ఇక్కడ ఇంకు గడ్డకట్టింది, అందుకని పొయ్యి బొగ్గుతో లావుగా గీయాల్సొచ్చింది. కాగితం కూడా పెద్దదే దొరికింది, వంటవాడు పిండిబస్తా కాగితం విప్పి ఇచ్చాడు. ఒక్కో గీత మీద మైనపుదారం అంటించాను. ఊరికే, అందానికి. వేలితో తడిమితే బాగుంటుంది. రంగులు ఎక్కడేవో ముక్కల మీద పెద్ద అక్షరాలతో రాశాను.

నాలుగు మూలలూ సరిచూశాను, యమ్నా చేత కూడా చూపించాను. ఇందులో నువ్వు మార్చాల్సింది ఏమీ లేదు మామయ్యా. ఉన్నది ఉన్నట్టు పేర్చు.

పని చేసేటప్పుడు డాబా మీద కూర్చో, గదిలో వద్దు. ఎండ బాగుంటుంది. పెంకుల కుప్పలు అత్తయ్యని వెయ్యమను.

సంతకం గురించి ఆలోచిస్తున్నాను. ఆలోచిస్తున్నానని చెప్పడం కూడా నాకు పెద్ద సంగతే.

నీ మేనకోడలు బతూల్

&nbsp;

ఫెజ్,
6 ఏప్రిల్ 1969

బతూల్ తల్లికి,

పలక నిన్న నిలబెట్టాం.

సందంతా వచ్చింది. ఆడవాళ్ళు బిందెలు పక్కనపెట్టి నిలబడ్డారు. కాల్చాల్సిన రొట్టెల పళ్ళెం నెత్తిన పెట్టుకుని పేట పొయ్యికి పోయే పిల్లలు కూడా ఆగిపోయారు. ఆరుగురు పట్టుకుని ఎత్తారు. ఎత్తగానే మీ అత్తయ్య పెళ్ళిళ్ళలో వేసే సంబరం కూత వేసింది, అందరూ అందుకున్నారు. రంగులు కడిగినట్టున్నాయన్నారు. ఉన్నట్టుండి కూతలు ఆగిపోయాయి. హాజ్ మక్కీ దగ్గరికొచ్చి, "త్యామీ, ఇది ఎడమకి తిరుగుతోందేంటి?" అన్నాడు, మెల్లగా, నాకొక్కడికే వినపడేటట్టు.

వెళ్ళి చేత్తో తడిమాను. ఎడమకే. పాత పలక కుడికి, కొత్తది ఎడమకి.

తిప్పడం మర్చిపోయాను. నలభై ఏళ్ళ పనిలో చెయ్యని తప్పు, మొదట నేర్చుకునేవాడు కూడా చెయ్యని తప్పు. ఎవరిదీ దోషం కాదు, నాదే. నా బుర్ర అయిపోయింది తల్లీ. సుత్తి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాను. పలక పగలగొట్టి అవతలి పేటవాడి చేత వేయిస్తారు కాబోలు. నాకు సందులో నడవాలంటే సిగ్గుగా ఉంది, వెనక దారినుంచి మసీదుకి పోతున్నాను.

నీ గీత అందంగా ఉంది. దానికేమీ తక్కువ లేదు. నువ్వు బెంగపెట్టుకోకు, నీ పని నువ్వు చూసుకో.

మామయ్య

&nbsp;

కొండ ఆసుపత్రి,
15 ఏప్రిల్ 1969

మామయ్యా, మామయ్యా, ఆ సుత్తి అటక మీంచి దింపు, ముందు దింపి తరవాత చదువు.

నువ్వు మర్చిపోలేదు. నేను తిప్పేశాను.

అన్నీ చెబుతాను. నీ జనవరి ఉత్తరం చదువుతుంటే యమ్నా, "మీ మామకి కళ్ళు పోతున్నట్టున్నాయి పిల్లా" అంది. నేను ఆవిణ్ణి కొట్టబోయాను. తరవాత కూర్చుని నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చూశాను. పెద్దగా రాయమనడం, నీళ్ళ ఇంకు, మసక దీపం, ఆకుపచ్చా నలుపూ, హాజ్ మక్కీ అల్లుడు. మొదటిసారి కూడా నువ్వు నా వృత్తాన్ని చూసి పట్టుకోలేదు, వేలు పెట్టి తడిమి పట్టుకున్నావు. నీ చేతిరాత కూడా ఒక్కో ఉత్తరానికి పెద్దదవుతూ వచ్చింది, నేనే గమనించలేదు. నేను చచ్చిపోతున్నానని నువ్వు మెచ్చుకోలేదు. నీకు మూడో మూల కనపడలేదు.

నువ్వు దాచుకున్నదాన్ని బయటపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే బొగ్గు, అందుకే దారం. ఇంకా నీకు బుర్రలో తిప్పే కష్టం కూడా ఉండకూడదని, బోర్లా పేర్చినప్పుడు ఎలా కనపడుతుందో అలాగే, వెనకవైపే గీసి పంపాను. "మార్చాల్సింది ఏమీ లేదు" అన్నది అందుకే. అది నీకు అర్థమవుతుందనుకున్నాను. ఎలా అవుతుంది? నేను చెప్పలేదుగా.

సిగ్గుపడాల్సింది నేను. నీ నలభై ఏళ్ళ పేరు నా తెలివితో పాడుచేశాను. హాజ్ మక్కీకి ఈ ఉత్తరం చదివి వినిపించు. అందరి ముందూ చదువు. ముందు దారిలోంచే మసీదుకి పో.

ఇంక నా మాట. కళ్ళలో శుక్లం వస్తే ఇప్పుడు కోసి తీసేస్తున్నారట, ఇక్కడి డాక్టరుని అడిగాను. నువ్వు ఆసుపత్రికి పోయి కళ్ళు చూపించుకున్నానని అత్తయ్య చేత రాయిస్తే, నేను సంతకం పెడతాను. నువ్వు కోయించుకోకపోతే నేనూ కోయించుకోను. బేరం లేదు.

నీ బతూల్

&nbsp;

ఫెజ్,
2 మే 1969

మాయదారి పిల్లకి,

నీ ఉత్తరం నాకు అత్తయ్య చదివి వినిపించింది. చదువుతూ మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకుంటుంది, మళ్ళీ నన్ను తిడుతుంది, మళ్ళీ చదువుతుంది. "ఇంట్లో ఉన్నదాన్ని నాకు తెలియలేదు, కొండ మీద ఉన్నదానికి తెలిసింది" అని. ఆవిడకి తెలుసు, నాతో అనలేదంతే. ఉప్పు సంగతి కూడా నిజమే, ఒప్పుకుంటున్నాను.

నేనూ ఒకటి దాచాను. నీ కాగితం విప్పి తడిమినప్పుడే ఎడమ అని తెలిసింది. నా బుర్ర, "ఇది ముందే తిప్పేసి ఉంది, ఇలాగే పేర్చు" అంది. కానీ నేను ఒకసారి నీ తప్పు చూడలేకపోయాను కదా, ఇంక నా బుర్రని నేనెలా నమ్ముతాను? ఎడమ అనిపించడం నా వేలి పొరపాటేనని, పిల్ల సరిచూసి పంపిందంటే గీసింది కుడికి తిరిగే ముఖమే అయ్యుంటుందని నీ మాట నమ్మి మళ్ళీ తిప్పాను. నాకోసం నువ్వు తిప్పావు, నీమీది నమ్మకంతో నేను తిప్పాను. మామా మేనకోడళ్ళిద్దరం కలిసి గోడని ఎడమకి తిప్పాం. పలక ఎత్తాక అంతా అర్థమైంది. ఆపరేషన్ ముందు నీ మనసు కష్టపెట్టకూడదని నామీద వేసుకున్నాను.

హాజ్ మక్కీకి చదివి వినిపించాం, కుళాయి దగ్గరే, అందరి ముందూ. ఆయన గడ్డం నిమురుకుని, "అయినా పగలగొట్టాల్సిందే కదా" అన్నాడు. అత్తయ్య బిందె కింద పెట్టి, "ఒకసారి ఇక్కడ నిలబడి చూడు హాజ్" అంది. కుళాయికి ఎదురుగా నిలబెట్టింది. "ఇన్నాళ్ళూ ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి పోతున్నట్టుండేవి. ఇప్పుడు ఒకదానికొకటి ఎదురొస్తున్నాయి. మధ్యలో నీళ్ళు. పగలగొడతానన్నవాడు నా బిందె దాటి రావాలి." మిగతా ఆడవాళ్ళు కూడా బిందెలు వరసగా పెట్టేశారు. ఆయన కాసేపు చూశాడు. "మీ నాన్న ఉంటే ఏమనేవాడు త్యామీ?" అన్నాడు. ముందు తిట్టేవాడు, తరవాత వాకిట్లో కూర్చుని చూసుకునేవాడని చెప్పాను. పలక ఉంటుంది.

బేరం ఒప్పుకున్నాను. కళ్ళు చూపించుకున్నాను. కుడికంటి శుక్లం జూలైలో తీస్తారట. దీని కింద అత్తయ్య తన చేత్తో రాసి సంతకం పెట్టింది, సాక్ష్యానికి.

ఇప్పుడు సంతకం పెట్టు.

నీ మామయ్య

&nbsp;

కొండ ఆసుపత్రి,
3 జూలై 1969

మామయ్యా,

ఎక్కువ రాయలేను, కూర్చోనివ్వడం లేదు. కోశారు. లేచాను. పక్కటెముక ఒకటి తీసేశారు, ఊపిరి పీలిస్తే ఎడమవైపు ఖాళీగా ఉంది కానీ నొప్పి రోజురోజుకీ తగ్గుతోంది. మత్తు దిగాక మొదట వినపడింది యమ్నా గొంతే: "లే పిల్లా, మీ మామకి ఏం రాయమంటావు?"

కింద ఒక వృత్తం గీశాను. పడుకునే గీశాను. కలిసిందో లేదో వేలు పెట్టి చూడు.

బతూల్

&nbsp;

ఫెజ్,
20 ఆగస్టు 1969

బతూల్‌కి,

కట్టు నిన్న విప్పారు. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు ఇచ్చారు. మీ అత్తయ్యని చూసి ఎంత ముసలిదానివయ్యావే అన్నాను, ఆ పూట అన్నం పెట్టలేదు. నీ ఉత్తరాలు నేనే చదువుకున్నాను, చీమలబారులతో సహా. నీ రాత బాగుంటుంది. బళ్ళో బహుమతి ఊరికే ఇవ్వలేదు.

వృత్తం కలిసింది. వేలితో చూశాను, కళ్ళతోనూ చూశాను.

పొద్దున కుళాయి దగ్గరికి పోయి చాలాసేపు నిలబడ్డాను. నల్లముక్కల్లో రెండు ఆకుపచ్చవి పడ్డాయి, నాకు తప్ప ఎవరికీ కనపడవు. ఉండనీ. నీ పరుపు కుట్టడం అయింది. పని చేసే గది పక్కన కిటికీ ఉన్న గది నీది. డాక్టరు ఎప్పుడు పంపుతానంటే అప్పుడు నేనే బస్సెక్కి వస్తాను, డ్రైవరుని నమ్మను. హాజ్ మక్కీ అవతలి సందు కుళాయి కూడా మనకే ఇస్తానన్నాడు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మరీ గీయిస్తాడట.

ఇంటికొచ్చి గోడకి అత్తయ్య అంటించిన నీ పాత కాగితం చూశాను. ఎనిమిది నెలలుగా వచ్చినవాళ్ళందరికీ చూపించి గొప్పలు పోయాం. సిగ్గు లేదా నీకు? మూడో మూల నుంచి గీత ఎడమకి పోయింది. మధ్యలో చతురస్రం ఏది? మధ్య బిందువులు కూడా రెండు సరిగ్గా లేవు. కాగితం పీకేశాను. మళ్ళీ గీసి పట్టుకురా.

మామయ్య